బండ పడితే ఎవరిది?



పొద్దున ఏడు గంటలకు ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఒక్క పది నిమిషాలు నిలబడి చూడండి. ఒక పక్క అడ్డా మీద కూలీలు ఉంటారు. చేతిలో సద్ది డబ్బా, సంచిలో తాపీ. పనికి పిలిచేవాళ్ళ కోసం రోడ్డుకేసి చూస్తుంటారు. తలెత్తితే మెట్రో రైలు పోతుంటుంది. ఆ పక్కనే జనం నడిచే స్కైవాక్. వరంగల్ రోడ్డు వైపు తిరిగితే, నారపల్లి దాకా పోవాల్సిన ఫ్లైఓవర్ స్తంభాలు.

ఒకే కూడలి. మూడు కట్టడాలు. స్కైవాక్ 2023 జూన్ 26న తెరిచారు. జనం నడుస్తున్నారు. మెట్రో ఆలస్యంగా వచ్చినా వచ్చింది. కానీ కట్టినవాళ్ళే దాన్ని వదులుకుంటామనే దాకా వ్యవహారం పోయింది. ఇక ఫ్లైఓవర్. 2020కల్లా అయిపోవాల్సింది. ఏళ్ళ తరబడి స్తంభాలుగానే నిలబడింది.

ఎందుకీ తేడా? కారణాలు బోలెడు. ఇవాళ నేను ఒక్కదాని గురించే మాట్లాడతాను. అది ఒప్పందం. గడ్డపార నేలకు తగలకముందు రెండు పక్షాలూ కూర్చుని ఏం మాట్లాడుకున్నాయి? ఏం మాట్లాడుకోకుండా లేచాయి?

ముందు నా సంగతే చెబుతాను. కొంచెం సిగ్గుపడుతూనే చెబుతాను. ఎందుకంటే నేను ఇంజనీరుని. జీతం తీసుకున్నన్నాళ్ళూ ఇతరుల ఒప్పందాలు దిద్దినవాణ్ణి.

1994లో నాచారంలో ఇల్లు మొదలుపెట్టాను. 200 గజాల జాగా. మేస్త్రీకి పని గుత్తకిచ్చాను. చదరపు అడుగుకి ఇంత అని. పునాది తవ్వకంతో సహా. నాలుగు గుంతలు తీశారు, ఐదు తీశారు. ఆరోది ఈశాన్యం మూల. మూడడుగులు దిగగానే గడ్డపార ఖణేల్‌మంది.

మేస్త్రీ వచ్చాడు. "సార్, ఈ మూలకు బండ పడ్డది. కంప్రెషర్ పెట్టాలె. పైసలు వేరే ఐతయ్" అన్నాడు.

"గుత్త అంటే గుత్తేగా మేస్త్రీ. తవ్వకం నీదే అనుకున్నాం కదా" అన్నాను.

ఆయన నవ్వాడు. "మట్టి తవ్వుడు గుత్త సార్. బండ కొట్టుడు గుత్త కాదు."

అంతే. పని ఆగింది. ఆయన రాడు. నేను పిలవను. పద్దెనిమిది రోజులు. ఈలోపు పెద్ద వాన పడింది. తీసిన గుంతల్లో మట్టి జారింది. తెచ్చి పెట్టిన సలాకలు తుప్పు పట్టాయి. చివరికి నేనే దిగొచ్చాను. బండ కొట్టినందుకు ఇచ్చాను. జారిన మట్టి మళ్ళీ తీసినందుకూ ఇచ్చాను. అద్దె ఇంట్లో ఒక నెల ఎక్కువున్నందుకు ఆ ఇంటాయనకూ ఇచ్చాను. మొదటిరోజు మేస్త్రీ అడిగినదానికి రెట్టింపు పైనే అయింది.

తప్పెవరిది? ఆయనది కాదు. బండదీ కాదు. హైదరాబాదు నేల కింద బండ ఉంటుందని తెలియనివాడెవడు? ఈ ఊరంతా రాతి గుట్టల మీదే ఉంది. తెలిసి కూడా నేను అడగలేదు. అడిగితే రేటు పెంచుతాడని భయం. ఆయనా చెప్పలేదు. చెబితే పని పోతుందని భయం. ఇద్దరం ఆ ఒక్క ప్రశ్నను పక్కకు నెట్టి చేతులు కలిపాం. ఏమిటా ప్రశ్న? బండ పడితే ఎవరిది?

ఈ మాట గుర్తుపెట్టుకోండి. బండ పడితే ఎవరిది? ఇవాళ్టి నా ప్రసంగమంతా దీని చుట్టే తిరుగుతుంది.

ఇప్పుడు పని చేయించుకునే పద్ధతులకు వద్దాం. వీటికి ఇంగ్లీషులో పెద్ద పెద్ద పేర్లున్నాయి. మనం పెళ్ళి వంటతో చూద్దాం. అందరికీ తెలిసిందే కదా.

ఒక పద్ధతిలో సరుకులు మీరు తెస్తారు. బియ్యం, పప్పు, నూనె, గ్యాసు, అన్నీ మీవే. వంటమేస్త్రీ వచ్చి వండిపోతాడు. కూలి తీసుకుంటాడు. ఇళ్ళు కట్టేవాళ్ళు దీన్నే లేబర్ కాంట్రాక్టు అంటారు. నూనె ధర పెరిగితే మీదే భారం. మిగిలితే మీకే మిగులుతుంది. కాని మిరపకాయలు తక్కువయ్యాయని పెళ్ళిరోజు పరుగెత్తేది కూడా మీరే.

ఇంకో పద్ధతిలో విస్తరికి ఇంత అని మాట్లాడుకుంటారు. సరుకులు, వంట, వడ్డన, అన్నీ వాళ్ళవే. ఇల్లయితే మెటీరియల్‌తో సహా అంటాం. నూనె పెరిగితే వాళ్ళు చూసుకుంటారు. హాయి. కాని నూనె మరీ పెరిగిందనుకోండి. అప్పుడేమవుతుంది? పప్పు పలచబడుతుంది. ఇంట్లోనూ అంతే. గోడలో సిమెంటు పలచబడుతుంది. అది మీకు ఆ రోజు తెలియదు. పదేళ్ళకి పెచ్చులూడినప్పుడు తెలుస్తుంది.

పెద్ద పనుల్లో దీనికే ఇంకో మెట్టు ఉంది. వంటే కాదు, ఏం వండాలో కూడా వాళ్ళే రాసుకొస్తారు. నక్షా వాళ్ళదే, కట్టడం వాళ్ళదే, మొత్తానికి ఇంత అని ఒకే ధర. ఈపీసీ అని పేపర్లలో చదువుతుంటారే, అది ఇదే. అంతకుముందు పాత పద్ధతిలో ప్రభుత్వ ఇంజనీరు నక్షా గీసి, అంచనా వేసి, టెండరు పిలిచేవాడు. తక్కువ అడిగినవాడికి పని. నక్షాలో పొరపాటుంటే గుత్తేదారు ఇంజనీరును చూపేవాడు. ఇంజనీరు గుత్తేదారును చూపేవాడు. ఒక్కడికే అప్పజెబితే ఈ వేలు చూపుకోవడం పోతుందని ఈపీసీ వచ్చింది. పోయిందా అంటే, వేలు ఇంకోవైపు తిరిగింది. ఆ కథకు కాసేపట్లో వస్తాను.

మూడో పద్ధతికి పెళ్ళి వంట సరిపోదు. రోడ్డు మీద మీకొక జాగా ఉందనుకోండి. చేతిలో డబ్బు లేదు. ఒకాయన వచ్చి, "నా డబ్బుతో ఇక్కడ మల్గీలు, అదే దుకాణాలు, కడతాను. 35 ఏళ్ళు కిరాయిలు నేను తీసుకుంటాను. ఆ తర్వాత మల్గీలు నీకే" అంటాడు. బాగుందా? చాలా బాగుంది. కిరాయికి ఎవరూ రాకపోతే నష్టం ఆయనది. మీకేం పోయింది?

హైదరాబాదు మెట్రో కట్టింది ఈ పద్ధతిలోనే.

దాని కథ వింటే మా ఈశాన్యం మూల బండ చాలా చిన్నదనిపిస్తుంది. 2008లో టెండర్లు పిలిచారు. ఇలాంటి పనికి మామూలుగా అందరూ ప్రభుత్వాన్ని సాయం అడుగుతారు. ఒక కూటమి మాత్రం అడగలేదు. పైగా మేమే మీకు 35 ఏళ్ళలో 30,311 కోట్ల రూపాయలు ఇస్తామంది. ఆ కూటమికి ముందున్నది మేటాస్. పని వాళ్ళకే దక్కింది. రైలు టికెట్లతో అంత డబ్బు ఎలా వస్తుందని అనుమానపడ్డవాళ్ళున్నారు. ఢిల్లీ మెట్రో కట్టిన శ్రీధరన్ గారే పెదవి విరిచారు. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ కుంభకోణం బయటపడింది. మేటాస్ కూడా సత్యం యజమానుల కుటుంబానిదే. ఆ జులైలో ఒప్పందం రద్దయింది.

మళ్ళీ టెండర్లు. 2010 సెప్టెంబరు 4న ఎల్ అండ్ టీతో సంతకాలు. వీళ్ళు 1,458 కోట్ల సాయం అడిగారు. తవ్వకాలు మొదలయ్యాయి. మన ఉప్పల్‌లో వంద ఎకరాల పైచిలుకు డిపో వచ్చింది. పట్టాల కింది వంతెన ముక్కల్ని ఇక్కడి యార్డులోనే పోసేవారు. రాత్రి ట్రాఫిక్ తగ్గాక పెద్ద ట్రెయిలర్ల మీద తీసుకెళ్ళి స్తంభాల మీద ఒక్కొక్కటే పేర్చేవారు. రోడ్డు మీద సెంట్రింగ్ కట్టి పోసే పని తగ్గింది. మంచి ఆలోచన. హబ్సిగూడ, తార్నాక మీదుగా ఆ ముక్కలు పోతుంటే నేను కూడా రెండు మూడు రాత్రులు నిద్ర మానుకుని చూశాను. ఇంజనీరు జబ్బు అది, ఏం చేస్తాం.

ముక్కలు సిద్ధంగా ఉన్నాయి. జాగా ఉండాలిగా? కొన్ని చోట్ల ఆస్తుల సేకరణ తేలలేదు. కొన్ని చోట్ల దారే మార్చాలని వాదన వచ్చింది. 2017 నవంబరు 28న నాగోల్ నుంచి మియాపూర్ దాకా 30 కిలోమీటర్లు ప్రారంభమైంది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దారి తెరుచుకుంది. నెలన్నర తిరగకముందే కరోనా. రైళ్ళు నెలల తరబడి డిపోల్లోనే పడుకున్నాయి. కిరాయికి ఎవరూ రాని మల్గీల మాట చెప్పానే, అదే పరిస్థితి. వడ్డీ మాత్రం ఆగదు కదా.

ఒప్పందం ప్రకారం నష్టం ఎవరిది? కట్టినవాళ్ళది. కాగితం మీద అంతే. కాని మల్గీకయితే షట్టర్ దించుకుని పోవచ్చు. మెట్రోకి షట్టర్ దించగలమా? రోజూ లక్షల మంది ఎక్కుతారు. నష్టం మోయలేనివాడు చేతులెత్తేస్తే, ఆ బరువు జాగా ఇచ్చినవాడి దగ్గరికే తిరిగొస్తుంది. 2025 సెప్టెంబరులో అదే జరిగింది. మెట్రోను రాష్ట్ర ప్రభుత్వమే తీసుకోవడానికి ఒప్పుకుంది. సుమారు 13 వేల కోట్ల అప్పుతో సహా.

ఇది మన దగ్గరే జరిగిందని చిన్నబుచ్చుకోకండి. లండన్‌లో సొరంగ రైలు మార్గాల్ని బాగుచేసే పనిని మెట్రోనెట్ అనే సంస్థకు ఇచ్చారు. 2007లో అది కుప్పకూలింది. మరుసటి ఏడాది పని మళ్ళీ ప్రభుత్వ సంస్థ చేతికే వచ్చింది.

అంటే ఏమిటి? బండ పడితే ఎవరిది అని అడిగితే చాలదు. ఆ మనిషి దాన్ని మోయగలడా అని కూడా అడగాలి. మోయలేనివాడి నెత్తిన పెట్టిన బండ మళ్ళీ మన కాలి మీదే పడుతుంది.

ఇప్పుడు నారపల్లి రోడ్డుకు వద్దాం. ఉప్పల్ రింగురోడ్డు నుంచి ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఎత్తయిన దారి. కేంద్ర ప్రభుత్వ పని. 2018 మేలో శంకుస్థాపన. ఈపీసీ పద్ధతి. నక్షా, కట్టడం అన్నీ ఒక్క సంస్థవే. రెండేళ్ళ గడువు. ఇందాక వేలు ఇంకోవైపు తిరిగిందన్నాను చూడండి, అది ఇక్కడ.

మళ్ళీ పెళ్ళికే పోదాం. విస్తరికి ఇంత అని మాట్లాడుకున్నారు. తెల్లవారుజామునే వంటవాళ్ళు గిన్నెలతో, మనుషులతో దిగారు. కాని ఫంక్షన్ హాలు తాళంచెవి మీ దగ్గర లేదు. హాలు ఇంకా ఎవరితోనో మాట్లాడుతున్నారు. నీళ్ళ ట్యాంకరు ఒకరు, కరెంటు ఇంకొకరు చూడాలి. వాళ్ళెవరూ వంటాయన మాట వినరు. ఆయన ఏం చేస్తాడు? గుమ్మం ముందు కూర్చుంటాడు. మనుషులకు కూలి మాత్రం ఇస్తూనే ఉంటాడు. రెండు రోజులు ఓర్చుకుంటాడు. ఆ తర్వాత ఒక్కొక్కర్నీ ఇంకో పెళ్ళికి పంపేస్తాడు. తాళంచెవి దొరికి మీరు పిలిచేసరికి ఆయన చేతిలో డబ్బూ ఉండదు, మనుషులూ ఉండరు.

నారపల్లి రోడ్డులో భూసేకరణ సాగుతూనే పోయింది. భూమిలో నీళ్ళ పైపులు, పైన కరెంటు తీగలు. ఒక్కొక్కటి ఒక్కో శాఖది. వాటిని పక్కకు జరపాలి. చివరికి గుత్తేదారు సంస్థకే డబ్బు ఇబ్బందులు వచ్చాయి. ఏది ఎంత కారణమో నేను తీర్పు చెప్పను. నాకు తెలిసిందల్లా ఒకటే. జాగా ఇప్పించగలిగేది ప్రభుత్వమే. పైపులు జరిపించగలిగేదీ ప్రభుత్వమే. ఆ బండ గుత్తేదారు ఎత్తలేడు. అవి చేతికి రాకముందే శంకుస్థాపన చేస్తే గడియారం మొదలవుతుంది, పని మొదలవదు.

ఈ మధ్యలో నలిగింది ఎవరు? బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి మనుషులు. స్తంభాలకు రెండు పక్కలా గుంతలు. వానాకాలం బురద, ఎండాకాలం దుమ్ము. రోడ్డు పక్క మిర్చి బండివాడు రోజూ ఎంత దుమ్ము తుడిచాడో ఏ అంచనాలోనూ ఉండదు. 2023లో ఎవరో విసుగెత్తి ఆ స్తంభాల మీద పోస్టర్లు కూడా వేశారు, ఎన్నేళ్ళు పడుతుందని అడుగుతూ.

స్కైవాక్ సంగతి రెండు మాటల్లో. నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ కట్టించింది. పాతిక కోట్ల పని. ప్రభుత్వపు రోడ్డు మీదే, స్తంభాల మీద ఉక్కు దారి. ఎవరి ఇల్లూ కొట్టక్కర్లేదు. పక్కనున్నవాళ్ళతో పోలిస్తే చిన్న పిల్ల. కాని కూడలి దాటలేక ఇబ్బంది పడ్డ నాలాంటి పెద్దవాళ్ళను అడగండి, చిన్నదని అనరు.

సరే. ఈ వేల కోట్ల లెక్కలతో మనకేం పని అంటారా? మీరు ఇల్లు కట్టబోతున్నారా? పైన ఇంకో అంతస్తు వేయబోతున్నారా? అయితే పని ఉంది.

మొదటి రోజు మేస్త్రీని ఇంటికి పిలవండి. టీ ఇప్పించండి. రేటు మాట్లాడటానికి ముందే ఒక నోటుబుక్కు తెరవండి. ఏ పని జరుగుతుందో అందరూ రాస్తారు. మీరు ఏం జరగకూడదో అది రాయండి. బండ పడితే ఎవరిది? నా సలహా అడిగితే, అది ఇంటివాళ్ళదే. జాగా మీది, కింది బండా మీదే. కాని రేటు ఇవాళే రాసుకోండి. ఘనపుటడుగు బండ కొడితే ఇంత అని. కొలిచేటప్పుడు ఇద్దరూ ఉండాలని. బండ పడిన రోజు అడిగే రేటు వేరు, టీ తాగుతూ ఒప్పుకునే రేటు వేరు.

తర్వాత సిమెంటు, సలాకల ధర. మెటీరియల్‌తో సహా ఇస్తుంటే ఇవాళ్టి ధర పుస్తకంలో రాయండి. పెరిగితే ఎంతవరకు ఆయన భరిస్తాడు? ఆపైన మీరెంత కలుపుతారు? తగ్గితే ఎవరికి మిగులుతుంది? అదీ రాయండి, న్యాయంగా ఉంటుంది. అంతా ఆయన మీదే తోశామని సంతోషించకండి. పలచబడ్డ పప్పు సంగతి చెప్పాను కదా.

ఆ తర్వాత మీ మనసు. అవునండీ, మీ మనసే. చాలా ఇళ్ళల్లో పెద్ద బండ అదే. గోడ లేచాక కిటికీ ఇటు కాదు అటు అంటాం. బావగారొచ్చి మెట్లు పడమరకు తిప్పమంటారు. మేస్త్రీ సరే సార్ అంటాడు. లెక్క చివర్లో చెబుతాడు. అప్పుడు గొడవ. మార్పు అనుకున్న రోజే ధర అడగండి. ఆ రోజే రాయండి. ధర విన్నాక సగం మార్పులు మనమే మానుకుంటాం. నా అనుభవం.

ఉప్పల్‌లో, నాచారంలో పాత ఇళ్ళు డెవలప్‌మెంట్‌కి ఇస్తున్నారు. బిల్డరు ఫ్లాట్లు కట్టి మీకు సగమో ఎంతో ఇస్తాడు. చిన్న మల్గీల కథే ఇది. ఆయన డబ్బు మధ్యలో అయిపోతే? గడువు దాటితే మీ ఇంటి అద్దె ఎవరు కడతారు? అడగండి. ఫ్లాటు కొనేవాళ్ళకు కొంత చట్టం తోడుంది. 2016 రెరా చట్టం ప్రకారం, ఫ్లాటు మీ చేతికి వచ్చిన ఐదేళ్ళలోపు కట్టడంలో లోపం బయటపడితే, బిల్డరే తన ఖర్చుతో బాగుచేయాలి. చట్టం ఒక బండను ముందే ఒకరికి రాసిపెట్టిందన్నమాట.

చివరగా ఒక చిన్న సంగతి. పోయిన నెల మా వీధిలో కొత్తగా పెళ్ళయిన జంట ఇల్లు మొదలుపెట్టింది. "అంకుల్, మీరు కూర్చోండి" అంటే వెళ్ళాను. నోటుబుక్కు తెరిపించాను. బండ రాశాం. సలాక ధర రాశాం. కిటికీల మార్పు రాశాం. అమ్మాయి చకచకా రాస్తోంది. మేస్త్రీ పాలమూరు వైపు మనిషి. అరవై దగ్గర పడ్డవాడు. అన్నిటికీ తలూపుతూ విన్నాడు. టీ గ్లాసు కింద పెట్టి, "ఇంకోటి రాయుండ్రి బిడ్డా" అన్నాడు.

"ఏంటి తాతా?"

"వాన పడితే ఎవరిది?"

మాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. "అడ్డా మీదికెళ్ళి పది మందిని తీస్కొస్త. పదకొండు గంటలకు వాన కొడ్తది. పని ఆగుతది. మీ స్లాబుకు ఏం కాదు, రేపు పోస్తం. ఆ పది మంది ఆనాటి కూలి ఎవరిస్తరు? ఇన్నేండ్ల సంది ఎవ్వరు రాయలె."

ముప్పై ఏళ్ళు ఒప్పందాలు దిద్దాను నేను. ఆ వరుస నాకూ తట్టలేదు. అమ్మాయి భర్త వైపు చూసింది. భర్త నా వైపు చూశాడు. నేను మేస్త్రీ వైపు చూశాను. "సగం పూట కూలి మాది" అని అమ్మాయే అంది. రాసింది కూడా.

పోయిన బుధవారం నాచారంలో మధ్యాహ్నం దంచి కొట్టింది. సాయంత్రం అటు పోతుంటే, ఆ గేటు దగ్గర పది మంది వరసగా నిలబడి ఉన్నారు. అమ్మాయి నోటుబుక్కు చూసుకుంటూ డబ్బులు లెక్కపెడుతోంది.